బురాంశ్, లాలీగురాంస్, రోడోడెండ్రాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాల్గుణ, చైత్ర మాసాల్లో హిమాలయాల మధ్య ఎత్తుల్లో నడిచినవాళ్లు ఈ పువ్వు గురించి ఎవరినో ఒకరిని అడగకుండా కిందికి దిగరు. ఓక్ అడవి ముదురు పచ్చగా, కాస్త చీకటిగా ఉంటుంది. మలుపు తిరగగానే ఆకు కనపడనంతగా ఎర్రగా విరబూసిన చెట్లు. ఇదేం చెట్టు, మా ఇంట్లో పెరుగుతుందా, ఆ షర్బత్ తాగొచ్చా, దీని తేనె విషమట కదా అని ప్రశ్నలు మొదలవుతాయి. వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. పెంపకం, విషం గురించిన జవాబులు కాస్త పొడవుగా ఉంటాయి. మొక్కకైనా మనిషికైనా నష్టం జరిగేది అక్కడే కాబట్టి వాటిని తొందరపడకుండా చదవమని కోరుతున్నాను.

రోడోడెండ్రాన్ అంటే ఒక మొక్కా, చాలా మొక్కలా?

చాలా మొక్కలు. వెయ్యికి పైగా జాతులున్న పెద్ద ప్రజాతి ఇది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ పేరును శాస్త్రంలో స్థిరపరిచాడు. తూర్పు హిమాలయాలు, ఉత్తర మయన్మార్, చైనాలోని యున్నాన్, సిచువాన్ కొండలు దీనికి అసలైన నెలవు. న్యూగినీ, బోర్నియో లాంటి ద్వీపాల కొండల మీద మరో మూడు వందల దాకా జాతులున్నాయి. ఐరోపాలో, ఉత్తర అమెరికాలో కొన్ని కనిపిస్తాయి. ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ సహజంగా పెరిగేది ఒక్కటీ లేదు. భారతదేశంలో సుమారు ఎనభై జాతులుంటే, ఎక్కువ భాగం అరుణాచల్ ప్రదేశ్‌లోనే.

మన ట్రెక్కర్లు చూసి వచ్చే ఎర్ర పువ్వు రోడోడెండ్రాన్ ఆర్బోరియం. ఉత్తరాఖండ్‌లో బురాంశ్ అంటారు, నేపాల్‌లో లాలీగురాంస్. ఈ పేజీలో బురాంశ్ అన్నప్పుడల్లా ఆ ఒక్క జాతి గురించే చెబుతున్నాను.

ఇది పొదా, చెట్టా?

జాతిని బట్టి, ఎత్తును బట్టి ఉంటుంది. ఎక్కువ జాతులు ఏడాది పొడుగునా ఆకు నిలిచే పొదలే. ఐదు వేల మీటర్ల దగ్గర పెరిగే రోడోడెండ్రాన్ నివాలే మోకాలి ఎత్తుకు కూడా రాదు, గాలికి నేలను పట్టుకుని పరుచుకుంటుంది. బురాంశ్ మాత్రం మంచి నేల దొరికితే నిండు చెట్టవుతుంది, రాతి వాలు మీద వంకర పొదగా మిగిలిపోతుంది. నాగాలాండ్‌లోని జాప్ఫు కొండ మీద వంద అడుగులు దాటిన బురాంశ్ ఒకటి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఇంకా పెద్ద ఆకులుండే మరో రోడోడెండ్రాన్ మహావృక్షాన్ని జార్జ్ ఫారెస్ట్ అనే మొక్కల అన్వేషకుడు 1919లో యున్నాన్ అడవుల్లో కనుగొన్నాడు.

ఏయే రాష్ట్రాలకు, దేశాలకు ఇది గుర్తు?

నేపాల్ జాతీయ పుష్పం లాలీగురాంస్. ఆ దేశపు జాతీయ చిహ్నం చుట్టూ ఉన్న దండ ఈ పువ్వులదే. ఉత్తరాఖండ్‌కు బురాంశ్ రాష్ట్ర వృక్షం, నాగాలాండ్‌కు రాష్ట్ర పుష్పం. హిమాచల్ ప్రదేశ్ గులాబీ రంగు రోడోడెండ్రాన్‌ను రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. సిక్కిం రాష్ట్ర వృక్షం వేరే జాతి, ఊదా రంగు గుత్తులు పూసే రోడోడెండ్రాన్ నివేయం.

ఉత్తరాఖండ్‌లో మీన సంక్రాంతి నాడు ఫూల్‌దేయీ పండుగ వస్తుంది. పిల్లలు తెల్లవారుజామునే బుట్టల్లో బురాంశ్, ఫ్యోంలీ పువ్వులు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి గడపల మీద చల్లి, ఆ ఇల్లు చల్లగా ఉండాలని పాడతారు. ప్రభుత్వాలు గుర్తులుగా ఎంచుకోవడానికి ఎంతో ముందే ఈ పువ్వు అక్కడివాళ్ల గడప మీద ఉంది.

ఎప్పుడు వెళ్తే పూత చూడొచ్చు?

ఒక్క తేదీ చెప్పడం కుదరదు. పూత కింది నుంచి పైకి పాకుతూ వెళ్తుంది. పదిహేను వందల నుంచి రెండు వేల మీటర్ల ఎత్తులో ఫిబ్రవరి చివర, మార్చిలో ఎర్రబడుతుంది. చోప్తా నుంచి తుంగనాథ్ వెళ్లే దారిలో ఏప్రిల్ మంచి కాలం. పశ్చిమ సిక్కింలోని బార్సే రోడోడెండ్రాన్ అభయారణ్యం ఏప్రిల్‌లో, మే మొదట్లో బాగుంటుంది. హిలే నుంచి ఎక్కువ ఏటవాలు లేని దారి కాబట్టి పెద్దవాళ్లు, పిల్లలు కూడా నడవగలరు. ఉత్తర సిక్కింలో యుమ్‌తాంగ్ లోయ దగ్గరున్న శింగ్‌బా అభయారణ్యానికి మే నెల. సందక్‌ఫూ దారిలో సింగలీలా జాతీయ ఉద్యానం, నేపాల్‌లో ఘోడేపానీ, పూన్ హిల్ దారి, తూర్పు నేపాల్‌లో తీన్‌జురే, మిల్కే, జల్‌జలే కొండలు, ఇవన్నీ పూతకు పేరుపడ్డవే. నాలుగు వేల మీటర్లు దాటాక మరుగుజ్జు పొదలు జూన్, జూలైలో పూస్తాయి. అప్పుడు కింద వానాకాలం.

ఒక్కచోటికే వెళ్లగలిగితే ఎక్కడికి వెళ్లాలని అడిగేవాళ్లకు నా జవాబు బార్సే. ఎర్ర బురాంశ్ ఒక్కటే చూడాలంటే ఉత్తరాఖండ్ చాలు, కానీ జాతికొక రంగు, జాతికొక ఆకు పక్కపక్కనే చూడాలంటే తూర్పు హిమాలయానికే వెళ్లాలి. రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఏటా పూత ఒకేలా ఉండదు, ఒక ఏడు విరగబూసిన చెట్టు మరుసటి ఏడు పలచగా పూయవచ్చు. వడగళ్లు పడితే ఒక్క మధ్యాహ్నంలో పువ్వంతా నేలపాలవుతుంది. బయలుదేరే ముందు అక్కడి హోమ్‌స్టే వాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవడమే మంచిది.

ఒకే చెట్టు కింద ఎర్రగా, పైన గులాబీగా పూస్తుందెందుకు?

ఒకే చెట్టు కాదు, ఒకే జాతిలోని వేర్వేరు చెట్లు. బురాంశ్ తక్కువ ఎత్తుల్లో నెత్తురు ఎరుపు పూస్తుంది, ఎత్తుకు వెళ్లేకొద్దీ గులాబీ, తెలుపు రకాలు ఎక్కువవుతాయి. ఆకు అడుగుభాగం కూడా మారుతుంది. కొన్నిటికి వెండి పూసినట్టు తెల్లటి నూగు, కొన్నిటికి ఇటుక రంగు నూగు ఉంటుంది. పువ్వు లేని కాలంలో వెళ్లినవాళ్లకు ఆకు తిప్పి చూడటం బురాంశ్‌ను గుర్తుపట్టడానికి ఒక దారి.

నీలగిరుల్లోనూ ఉందంటున్నారు, నిజమేనా?

నిజమే. ఈ మొక్క కథలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది కూడా ఇదే.

హిమాలయాల దగ్గర ఆగిపోయిన ఈ జాతి మధ్య భారతమంతా మాయమై, దాదాపు రెండు వేల కిలోమీటర్ల అవతల నీలగిరి, ఆనైమలై, పళని కొండల మీద మళ్లీ ప్రత్యక్షమవుతుంది. దక్షిణాది రకాన్ని నీలగిరికమ్ అనే ఉపజాతిగా లెక్కిస్తారు. శ్రీలంకలోని హార్టన్ ప్లెయిన్స్ మీద మరో ఉపజాతి ఉంది. మధ్యలోని మైదానాల్లోనూ కొండల్లోనూ ఒక్క మొక్క కూడా లేదు.

అక్కడికి ఎలా చేరింది? ఎక్కువమంది ఒప్పుకునే వివరణ హిమయుగాలది. భూమి చల్లబడిన కాలంలో చలి మొక్కలు తక్కువ ఎత్తులకు దిగి దక్షిణానికి విస్తరించాయి. మళ్లీ వేడెక్కాక మైదానాల్లోనివి చచ్చిపోయి, కొండ కొమ్ముల మీదికి ఎక్కినవి మాత్రం మిగిలాయి. జంతువుల విషయంలోనూ ఇలాంటి చిక్కుముడే ఉంది. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1940ల్లో కొండవాగుల చేపలను చూసి, సాత్పురా శ్రేణి మీదుగా ఒకప్పుడు దారి ఉండేదని ప్రతిపాదించారు. ఆ దారి గురించి చర్చ ఇప్పటికీ తెగలేదు.

నీలగిరుల్లో పెద్ద కొండల పైభాగమంతా గడ్డి, లోయ మడతల్లో షోలా అనే ఎప్పుడూ పచ్చగా ఉండే అడవి. షోలా చెట్లు చాలావరకు మడత దాటి బయటికి రావు, మంచు, నిప్పు వాటిని చంపేస్తాయి. రోడోడెండ్రాన్ ఒక్కటే గడ్డి మధ్యలో ధైర్యంగా నిలబడుతుంది. దాని బెరడు మందంగా, బెండులా ఉండి నిప్పును తట్టుకుంటుంది. ఊటీ దగ్గర దొడ్డబెట్ట వైపు, మున్నార్ దగ్గర ఎరవికులం జాతీయ ఉద్యానంలో చూడవచ్చు. అయితే ఆ గడ్డిభూముల్లో పెద్ద భాగాన్ని గత రెండు శతాబ్దాల్లో తేయాకు, యూకలిప్టస్, వాటిల్, పైన్ తోటలు మింగేశాయి. బయటి నుంచి వచ్చిన వాటిల్ చెట్లను తీసేసి గడ్డిని తిరిగి తెచ్చే పనులు కొన్నిచోట్ల సాగుతున్నాయి. రోడోడెండ్రాన్ మిగలాలంటే ఆ పనే ముఖ్యం.

చలికి ఆకులు చుట్టుకుపోయి వేలాడుతున్నాయి. మొక్క చచ్చిపోతోందా?

లేదు. చలిని తట్టుకునే చాలా జాతులు గడ్డకట్టే చలిలో ఆకులను కిందికి దించి, నిలువునా గొట్టంలా చుట్టుకుంటాయి. ఎండ ఎక్కి వెచ్చబడగానే విప్పుకుంటాయి. చలిలో ఆకు వెలుతురును వాడుకోలేదు, అయినా కొండ మీది ఎండ తీక్షణంగా పడుతూనే ఉంటుంది. చుట్టుకోవడం వల్ల ఆ దెబ్బ తగ్గుతుంది, గడ్డకట్టిన ఆకు ఒక్కసారిగా కరిగి కణాలు చిట్లకుండానూ ఉంటుంది.

ఈ పువ్వుకు పరాగ సంపర్కం ఎవరు చేస్తారు?

బురాంశ్‌కు ముఖ్యంగా పక్షులు. పదిహేను, ఇరవై గంట పువ్వులు ఒక్క గుత్తిగా వస్తాయి. ప్రతి పువ్వు అడుగున ముదురు రంగు తేనె సంచులుంటాయి. తేనెపిట్టలు, ఈలపాట పిట్టలు తల లోపలికి దూర్చినప్పుడు పుప్పొడి నుదుటికి అంటుతుంది. ఇక్కడ ఒక చక్కని ఏర్పాటు ఉంది. పుప్పొడి సంచి నిలువునా పగలదు, కొసన రెండు చిన్న రంధ్రాలు మాత్రం తెరుచుకుంటాయి. రేణువులన్నీ జిగట దారాలతో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి, ఒక కొస తగిలితే దండలా మొత్తం బయటికి వచ్చేస్తుంది. తెల్లటి, సువాసన గల జాతులకు సీతాకోకలు, చిమ్మటలు వస్తాయి. ఇంకా పైకి వెళ్తే తుమ్మెదలదే రాజ్యం.

బురాంశ్ షర్బత్ తాగొచ్చా? రోడోడెండ్రాన్ విషం అంటారు కదా?

రెండు మాటలూ నిజమే.

ఈ ప్రజాతిలో చాలా మొక్కల ఆకుల్లో, తేనెలో, పుప్పొడిలో గ్రయానోటాక్సిన్ అనే విషం ఉంటుంది. బురాంశ్ ఆకు కూడా తినదగినది కాదు, ముఖ్యంగా లేత ఆకు. కానీ ఎర్ర బురాంశ్ పూరేకులను ఉత్తరాఖండ్, హిమాచల్, నేపాల్ ప్రజలు తరతరాలుగా తింటున్నారు. షర్బత్ చేస్తారు, పచ్చడి నూరుతారు. గొంతులో చేప ముల్లు ఇరుక్కుంటే పూరేకు నమిలిస్తారు. ఇప్పుడు ఊళ్లలో మహిళా సంఘాలు ఈ రసం సీసాల్లో పట్టి అమ్ముతున్నాయి. పూతకాలంలో కొండల్లోని కుటుంబాలకు అది మంచి ఆదాయం.

షర్బత్ చేసేవాళ్లు పువ్వును అలాగే ఉడికించరు. కేసరాలు, అడుగునున్న తేనె భాగం తీసేసి, రేకులు మాత్రం కడిగి వాడతారు. ఈ పద్ధతిని వదలకూడదు. నా సలహా సూటిగా చెబుతాను. అక్కడివాళ్లు చేసి అమ్మే షర్బత్‌ను నీళ్లు కలుపుకుని ఒక గ్లాసు తాగండి, పులుపూ వగరూ కలిసిన రుచి. మీకై మీరు అడవిలో పువ్వు కోసి తినకండి. ఎర్రగా ఉన్నదల్లా బురాంశ్ కాదు. తూర్పు హిమాలయంలో ఎర్రగా పూసే జాతులు చాలా ఉన్నాయి, వాటిలో తినకూడనివీ ఉన్నాయి. ఇదే ప్రజాతికి చెందిన, కుండీల్లో పెంచే అజేలియా పువ్వును ఎట్టి పరిస్థితుల్లోనూ నోట్లో పెట్టుకోవద్దు. రక్తపోటుకు, గుండెకు మందులు వాడేవాళ్లు, గర్భిణులు షర్బత్‌ను కూడా డాక్టర్‌ను అడిగాకే తాగాలి.

‘పిచ్చి తేనె’ అంటే ఏమిటి?

రోడోడెండ్రాన్లు దట్టంగా పూసేచోట తేనెటీగలు వాటి నుంచే ఎక్కువ మకరందం తెస్తే, ఆ తేనెలో గ్రయానోటాక్సిన్ చేరుతుంది. అలాంటి తేనె కొద్దిగా తిన్నా నోట్లో మంట, కళ్లు తిరగడం, వాంతులు, చెమటలు, చూపు మసకబారడం మొదలవుతాయి. రక్తపోటు పడిపోతుంది, గుండె కొట్టుకునే వేగం ప్రమాదకరంగా తగ్గుతుంది. నరాల్లోనూ గుండె కండరంలోనూ సోడియం రాకపోకలను నియంత్రించే ద్వారాలుంటాయి. ఈ విషం వాటికి అతుక్కుని, మూసుకోవలసినప్పుడు మూసుకోనివ్వదు. లక్షణాలన్నిటికీ మూలం అదే.

ఇది కొత్త సంగతి కాదు. క్రీ.పూ. 401లో గ్రీకు సేన నల్లసముద్ర తీరంలోని ట్రెబిజోండ్ ప్రాంతంలో తేనె తిని, నిలబడలేక వాంతులతో కుప్పకూలిందని సేనాని జెనోఫోన్ రాశాడు. ఎవరూ చనిపోలేదు, కొద్ది రోజుల్లో అందరూ లేచి నడిచారు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో అదే ప్రాంతంలో రోమన్ సేనాని పాంపే సైనికులకు అదృష్టం లేదు. స్థానికులు కావాలనే దారిలో ఆ తేనె పెట్టి, స్పృహ తప్పినవాళ్లను నరికేశారు. ఆ తీరంలో కారణం పాంటికమ్, లూటియమ్ అనే రెండు జాతులు.

నేపాల్‌లో గురుంగ్ తెగ వాళ్లు తాళ్ల నిచ్చెనల మీద వేలాడుతూ కొండచరియల నుంచి తీసే తేనె, ప్రపంచంలోకెల్లా పెద్దదైన హిమాలయ తేనెటీగది. వసంతంలో తీసినదానికే మత్తు, శరత్తులోది మామూలు తేనె. ఏది ఎంత తినాలో ఆ ఊరి పెద్దలకు తెలుసు. ఇంటర్నెట్‌లో ఎక్కువ ధరకు కొనేవాళ్లకు ఆ తెలివిడి సీసాతోపాటు రాదు. ఒక తేనెపట్టులో ఉన్నంత విషం మరో తేనెపట్టులో ఉండదు కాబట్టి ‘ఒక చెంచా పరవాలేదు’ అనే కొలత ఎవరూ ఇవ్వలేరు. సరదాకు రుచి చూడాలనుకునేవాళ్లకు వద్దనే చెబుతాను.

ఎవరైనా తిని కళ్లు తిరుగుతున్నాయంటే పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ తేనె తిన్నారో డాక్టర్‌కు చెప్పండి. సెలైన్, అవసరమైతే అట్రోపిన్ ఇస్తారు. సకాలంలో చేరితే చాలామంది ఒక రోజులోనే కోలుకుంటారు.

బురాంశ్ కరోనాకు మందని చదివాను. నిజమా?

ఐఐటీ మండీ, ఢిల్లీలోని ఐసీజీఈబీ (అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగ్, జీవసాంకేతిక కేంద్రం) శాస్త్రవేత్తలు 2022 జనవరిలో ఒక ఫలితం ప్రకటించారు. బురాంశ్ పూరేకుల్లోని కొన్ని రసాయనాలు ప్రయోగశాలలో పెంచిన కణాల్లో వైరస్‌ను అడ్డుకున్నాయన్నది దాని సారం. మంచి పరిశోధనే. కానీ గాజు పాత్రలోని కణాల్లో పనిచేసినది మనిషి ఒంట్లో పనిచేస్తుందని అర్థం కాదు. షర్బత్‌ను షర్బత్‌గానే తాగాలి.

పశువులు, పెంపుడు జంతువులు తింటే?

ప్రమాదం. మేకలు, గొర్రెలు, ఆవులు, గుర్రాలు ఆకు తిని చనిపోయిన సందర్భాలున్నాయి. మంచు కురిసి మేత దొరకనప్పుడు, పచ్చగా కనపడేది ఈ ఆకొక్కటే అయినప్పుడు ఎక్కువగా జరుగుతుంది. కుక్కలు, పిల్లులు కూడా కుండీలోని అజేలియా నమిలితే చొంగ కార్చడం, వాంతులు మొదలవుతాయి. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

వేడి మైదానాల్లో బురాంశ్ పెంచవచ్చా?

వద్దు. ఈ జవాబు చాలామందికి నచ్చదని తెలుసు. అందుకే కారణాలు వివరంగా చెబుతాను.

మొదటిది నేల. ఈ మొక్కకు పీహెచ్ 4.5 నుంచి 6 మధ్య ఉండే పుల్లటి నేల కావాలి. మైదానాల్లో చాలాచోట్ల నేలలో సున్నం ఎక్కువ, బోరు నీళ్లలో ఇంకా ఎక్కువ. అలాంటి నేలలో ఇనుము ఉన్నా కరగదు, వేరుకు అందదు. ఆకు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారి మొక్క నెమ్మదిగా ఆకలితో చస్తుంది.

రెండోది వేరు. రోడోడెండ్రాన్‌కు తల్లివేరు లోతుకు దిగదు. తల వెంట్రుకల్లాంటి సన్నని వేళ్లు నేల పై పొరలో, కుళ్లిన ఆకు మధ్య చాపలా అల్లుకుంటాయి. ఆ వేళ్ల పైపొర కణాల్లో ఒక రకం శిలీంధ్రం కాపురం ఉంటుంది. కొండల మీది పుల్లటి నేలలో నత్రజని కుళ్లిన ఆకులోనే బందీగా ఉంటుంది. శిలీంధ్రం తన ఎంజైములతో దాన్ని విడదీసి మొక్కకు ఇస్తుంది, బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. మొక్కను కొండ నుంచి పీకి తెచ్చినప్పుడు మనం తెచ్చేది సగం జీవినే. మిగిలిన సగం ఆ నేలలోనే ఉండిపోతుంది.

మూడోది వేడి. పై పొరలో ఉన్న వేళ్లు కాబట్టి నేల కాగితే ముందు అవే మాడతాయి. రాత్రి కూడా చల్లబడని చోట మొక్క పగలు కూడబెట్టినదంతా రాత్రి ఊపిరికే ఖర్చుపెడుతుంది. ఏసీ గది దీనికి జవాబు కాదు. వెలుతురు, గాలిలో తేమ, చలికాలపు విరామం, మూడూ కలిసి కావాలి.

అందుకే ట్రెక్ దారిలో చిన్న మొక్క కనపడితే పీకకండి. అభయారణ్యాల్లో అది నేరం కూడా. మైదానానికి చేరేసరికి అది బతికే అవకాశం దాదాపు ఉండదు. అంతగా ఇష్టమైతే, కాస్త చల్లటి పట్టణాల్లో ఉన్నవాళ్లు నర్సరీలో దొరికే అజేలియాను కుండీలో ప్రయత్నించవచ్చు.

మాకు కొండ ప్రాంతంలో స్థలం ఉంది. ఎలా నాటాలి?

అయితే తప్పకుండా నాటండి. ఆ కొండల్లోనే విత్తనంతో పెంచిన మొక్కను అటవీ శాఖ నర్సరీలో గానీ నమ్మకమైన నర్సరీలో గానీ తీసుకోండి.

ఉత్తరం వైపు వాలు, ఉదయం ఎండ, మధ్యాహ్నం పలుచటి నీడ ఉన్న చోటు చూడండి. నీళ్లు నిలవకూడదు. నీళ్లు నిలిస్తే ఫైటోఫ్తోరా అనే తెగులు వేళ్లను కుళ్లబెడుతుంది, ఒక్కసారి పట్టుకుంటే మొక్కను కాపాడటం చాలా కష్టం. లోతు గొయ్యి తవ్వకండి. వెడల్పుగా, తక్కువ లోతుతో తవ్వి, అడవి ఆకుమట్టి, కుళ్లిన పైన్ సూదులు కలిపి, మట్టిముద్ద పై అంచు నేలకంటే కాస్త ఎత్తుగా ఉండేలా పెట్టండి. మొదలు లోతుగా పూడిస్తే చాలా మొక్కలు ఊపిరాడక పోతాయి. పైన పైన్ సూదులు లేదా ఓక్ ఆకులు నాలుగు వేళ్ల మందాన పరవండి. కాండానికి తగలకుండా చూడండి.

పచ్చి పేడ, సున్నం, బూడిద వేయకండి. పారతో చుట్టూ తవ్వి కలుపు తీయకండి, వేళ్లు తెగుతాయి. కలుపును చేత్తో పీకాలి. వాననీరు శ్రేష్ఠం. మొదటి రెండు వేసవులు తడి ఆరనివ్వకుండా చూస్తే తర్వాత అదే నిలదొక్కుకుంటుంది.

మొక్క ఆరోగ్యంగా ఉంది, పూయడం లేదు. ఏం చేయాలి?

ఎక్కువసార్లు కారణం వయసు. విత్తనం నుంచి పెరిగిన బురాంశ్ పూయడానికి పదేళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఓపిక పట్టాలి.

వయసు వచ్చినా పూయకపోతే కత్తిరింపు ఎప్పుడు చేశారో గుర్తు చేసుకోండి. వచ్చే వసంతానికి పూసే మొగ్గలు ముందటి వేసవిలోనే కొమ్మ కొసన కడతాయి. వానాకాలం తర్వాత కొమ్మలు కత్తిరిస్తే పువ్వులనే కత్తిరించినట్టు. కత్తిరించాలంటే పూత అయిన వెంటనే చేయాలి. వాడిన గుత్తులను చేత్తో విరిచేస్తే కాయలకు పోయే బలం కొత్త చిగురుకు అందుతుంది. నీడ మరీ ఎక్కువైనా, నత్రజని ఎరువు ఎక్కువైనా ఆకే వస్తుంది. మొగ్గలు కట్టి గోధుమ రంగుకు తిరిగి రాలిపోతుంటే మంచు దెబ్బ గానీ, మొగ్గ కట్టే కాలంలో నీటి ఎద్దడి గానీ కారణం.

విత్తనాలతో మొలిపించవచ్చా?

వచ్చు. కాయ గోధుమ రంగుకు వచ్చి పగలబోయే ముందు కోసి, కాగితం సంచిలో ఆరబెట్టాలి. విత్తనాలు పొడిలా సన్నగా ఉంటాయి. తడి నాచు లేదా ఆకుమట్టి మీద చల్లండి, పైన మట్టి కప్పకండి, మొలవడానికి వెలుతురు కావాలి. గాజు మూత పెట్టి తేమ నిలిపితే కొద్ది వారాల్లో మొలుస్తాయి. అడవిలోనూ ఇవి ఎక్కువగా నాచు పట్టిన రాళ్ల మీద, పడిపోయిన దుంగల మీదే మొలుస్తాయి. కొమ్మ ముక్కలతో బురాంశ్ సులువుగా వేరు పట్టదు. కింది కొమ్మను నేలకు వంచి అంటు తొక్కడం మేలు.

అజేలియా, రోడోడెండ్రాన్ వేరా?

శాస్త్రం ప్రకారం అజేలియా కూడా రోడోడెండ్రానే. లిన్నేయస్ కేసరాల లెక్క చూసి రెండుగా విడగొట్టాడు, తర్వాతి వాళ్లు కలిపేశారు. స్థూలంగా అజేలియాలకు ఐదు కేసరాలు, చిన్న ఆకులు. పెద్ద రోడోడెండ్రాన్లకు పది కేసరాలు లేదా అంతకంటే ఎక్కువ, దళసరి ఆకులు. మినహాయింపులు చాలా ఉన్నాయి.

ఈ మొక్కలతో పాటు హుకర్ పేరు ఎందుకు వినపడుతుంది?

బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్ 1848 నుంచి 1850 వరకు సిక్కిం, తూర్పు నేపాల్ కొండల్లో తిరిగి ఎన్నో జాతులను మొదటిసారి శాస్త్రానికి పరిచయం చేశాడు. ఫాల్కనరీ, థామ్సనీ, హాడ్జ్‌సనీ, డల్హౌసియే లాంటివి ఆయన పెట్టిన పేర్లే. ఆ పేర్లన్నీ ఆయన స్నేహితులవి, అధికారులవి, వాళ్ల కుటుంబాలవి. 1849లో ఆయనను, డార్జిలింగ్ సూపరింటెండెంట్ క్యాంప్‌బెల్‌ను సిక్కిం దివాన్ నిర్బంధించాడు. ఆ సాకుతో బ్రిటిష్ వాళ్లు సిక్కిం నేలలో కొంత కలిపేసుకున్నారు. ఆయన పంపిన విత్తనాలు బ్రిటన్ తోటలను మార్చేశాయి. బరువులు మోసి, దారి చూపి, చెట్లెక్కి పువ్వులు కోసిన లెప్చా మనుషుల పేర్లు మాత్రం ఏ మొక్కకూ దక్కలేదు. ఆ లోటు నన్ను బాధపెడుతుంది.

బ్రిటన్‌లో దీన్ని కలుపు మొక్క అంటున్నారట?

అది పాంటికమ్ జాతి. 18వ శతాబ్దంలో తోటల కోసం తెచ్చారు. తడి, చల్లని వాతావరణం, పుల్లటి నేల దొరికేసరికి అడవుల్లోకి పాకి, కింద మరే మొక్కా మొలవని నీడ పరిచింది. వేల్స్‌లోని స్నోడోనియాలో, ఐర్లండ్‌లోని కిల్లార్నీలో దాన్ని తొలగించడానికి ఏళ్ల తరబడి శ్రమిస్తున్నారు. హిమాలయ బురాంశ్‌కూ ఆ గొడవకూ సంబంధం లేదు.

అడవిలో ఇప్పుడు వీటి పరిస్థితి ఏమిటి?

బురాంశ్ ఒక్కటే చూస్తే ఇప్పటికీ విస్తారంగానే ఉంది. ప్రజాతి మొత్తం చూస్తే, 2011లో వచ్చిన ప్రపంచ స్థాయి అంచనా ప్రకారం దాదాపు నాలుగో వంతు జాతులు ముప్పులో ఉన్నాయి. ఒకటి రెండు లోయల్లోనే మిగిలిన జాతులకు ఒక్క రోడ్డు పని చాలు.

వంటచెరకు పెద్ద సమస్య. రోడోడెండ్రాన్ కట్టె పచ్చిగా కూడా మండుతుంది, ఎత్తు ప్రదేశాల్లో వేరే కట్టె దొరకదు. సన్‌పాతీ అని పిలిచే ఆంథోపోగాన్ ఆకును ధూపం కోసం కుప్పలుగా కోస్తారు. ఇక్కడ ఊరివాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు. గ్యాస్ సిలిండర్ ధరకు అందుబాటులో, దారికి దగ్గరలో ఉన్నచోట చెట్టు నరకడం తగ్గుతుంది. ట్రెక్కర్లు వేడి నీళ్ల స్నానం అడిగిన ప్రతిసారీ ఎక్కడో కట్టె కాలుతుంది, ఆ ఒక్కటీ మన చేతిలో ఉంది.

రెండోది కాలం మారడం. ఉత్తరాఖండ్‌లో కొన్నేళ్లుగా జనవరిలోనే బురాంశ్ పూసిందన్న వార్తలు వస్తున్నాయి. చలికాలం వెచ్చబడి, వాన మంచు తగ్గితే మొగ్గ తొందరగా విచ్చుకుంటుంది. తర్వాత మంచు కురిస్తే పువ్వు మాడిపోతుంది. పక్షులు, ఈగలు వచ్చే వేళకు పువ్వు లేకపోతే కాయ కట్టదు. పైకి ఎక్కి తప్పించుకోవడానికి కొండకు ఒక హద్దుంది.

రాలిన పువ్వులు ఏరుకోవచ్చా?

అభయారణ్యం, జాతీయ ఉద్యానం లోపల అయితే ఏదీ తీయకూడదు, రాలినది కూడా. బయట ఊరి దారిలో రాలిన ఒకటి రెండు పువ్వులు తీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. పుస్తకంలో పెట్టి నొక్కితే ఎరుపు వారంలోనే నల్లబడుతుంది. పక్షం రోజుల పూత మీద షర్బత్ ఆదాయం ఆధారపడ్డ ఇంటివాళ్ల చెట్టు నుంచి, ఫొటో కోసం కొమ్మ మాత్రం విరవకండి.